గ్రీజు గుడ్డలో కొక్కెం

"పాస్కువల్ తాతని చివరిసారి ఎప్పుడు చూశావు?"

"శుక్రవారం, నోయ్. తుపాకీ పట్టుకుని మా కొట్టుకొచ్చాడు. చూపించాడు, ఆ కొక్కెం నా చేతిలో పెట్టాడు, వెళ్ళిపోయాడు."

"మరి ఆదివారం మధ్యాహ్నం?"

"ఇంట్లో నిద్రపోయా."

"ఎవరైనా చూశారా?"

తెబాన్ లావాస్ తల దించుకున్నాడు. "పెళ్ళాం పుట్టింటికి వెళ్ళింది. ఒంటరిగా నిద్రపోయేవాణ్ణి ఎవరు చూస్తారు నోయ్?"

గోడకి ఆనుకుని నిలబడ్డ అవెందాన్యో నవ్వాడు. సెబు నగరంలోని హెడ్‌క్వార్టర్స్ నుంచి వచ్చిన చీఫ్ ఇన్‌స్పెక్టర్ అతను. ముప్ఫై అయిదు దాటలేదు, చొక్కా మడత నలగలేదు. పొద్దున వచ్చిన దగ్గర్నుంచి దనావ్ స్టేషన్లో కుర్చీలో కూర్చోలేదు, మురికంటుతుందని కాబోలు.

ఇన్‌స్పెక్టర్ నార్సిసో హినౌతాన్ అతని నవ్వు వినిపించుకోలేదు. దనావ్ కుర్రాళ్ళు 'నోయ్', అంటే అన్నా, అని పిలిచేది అతన్నే. ఎదురుగా ఉన్న మనిషి వేళ్ళనే చూస్తున్నాడు. ఆకురాయి పొడి గోళ్ళలోకి ఇంకిపోయి ఎన్ని సబ్బులు అరగదీసినా వదలని వేళ్ళు. దనావ్‌లో సగం కొంపల్లో అన్నం ఉడికేది తుపాకులు చేసే అలాంటి వేళ్ళ మీదే. తెబాన్‌కి లైసెన్సు లేదు, వాళ్ళ నాన్నకీ లేదు. ఆ సంగతి స్టేషన్లో అందరికీ తెలుసు. అందరి తుపాకుల్లో అరిగిపోయిన స్ప్రింగులూ పిన్నులూ మార్చింది అతనే కాబట్టి ఎవరూ అడగలేదు. ఇప్పుడు ఓ ముసలి సైనికుడు సొంత వరండాలో, సొంత తుపాకీకి బలయ్యేసరికి ఆ మౌనమంతా తెబాన్ మెడకి చుట్టుకుంది.

"చాలు ఇన్‌స్పెక్టర్. కందకు లేని దురద కత్తిపీటకెందుకు?" అంటూ అవెందాన్యో బల్ల దగ్గరికొచ్చాడు. బల్ల మీద మూడు వస్తువులున్నాయి. అమెరికన్ల కాలంనాటి ఎన్‌ఫీల్డ్ రైఫిల్, ఓ ఇత్తడి తూటా గుల్ల, చిటికెన వేలంత పొడుగున్న ఉక్కు కొక్కెం.

"నువ్వే చెప్పవోయ్ లావాస్. ఈ కొక్కెం పనేమిటి?"

"బోల్టు వెనక్కి లాగినప్పుడు కాల్చిన గుల్ల అంచుని పట్టుకుని బయటికి లాగుతుంది సర్."

"ఇది లేకపోతే?"

"గుల్ల గొట్టంలోనే ఉండిపోతుంది."

"ఉండిపోతుంది. కానీ ఆదివారం గుల్ల వరండాలో బెంచీ కింద దొరికింది. అంటే కాల్చినప్పుడు కొక్కెం తుపాకీలో ఉందన్నమాట. పోలీసులు వెళ్ళేసరికి లేదు. ఎక్కడ దొరికిందీ? నీ చొక్కా జేబులో! వెళ్ళావు, బిగించావు, మాటామాటా పెరిగింది, కాల్చావు, నీ కొక్కెం నువ్వు ఊడదీసుకుని వచ్చేశావు. ఇందులో తప్పుంటే చెప్పు."

తెబాన్ నార్సిసో వైపు చూశాడు. లెక్క సరిగ్గానే ఉంది, అదే బాధ. మనిషి మాత్రం ఆ లెక్కలో ఇమడడం లేదు.

"భోజనాలయ్యాక బండి బయల్దేరుతుంది," అన్నాడు అవెందాన్యో. "సాయంత్రానికి సెబులో విలేకరులు కాచుకుని ఉంటారు. దనావ్ దొంగ తుపాకుల మేస్త్రీ, ముసలి వీరుణ్ణి చంపాడు. చాలదూ?"

చాలు. అక్కడికి వెళ్ళాక తెబాన్ మాట ఎవడూ వినడు. అతనితోపాటు ఆ వీధిలో ప్రతి కొలిమీ ఆరిపోతుంది.

"ఆ కొక్కెం ఎక్కడిది?" అని అడిగాడు నార్సిసో. "నువ్వు చేసిందా?"

"నేనా? అయ్యో నోయ్, చూడండి దాన్ని. అసలు సిసలు అమెరికన్ సరుకు. గ్రీజు పూసిన గుడ్డలో చుట్టి తెచ్చాడు తాత. ఒక్క గీత పడలేదు." భయం మధ్యలో కూడా తెబాన్ గొంతులోకి పనివాడి ముచ్చట వచ్చేసింది. "జపాన్‌వాళ్ళతో యుద్ధంలో ఈ తుపాకులకి మొదట విరిగేది ఇదే. మా నాన్న లారీ పట్టీలు కోసి చేసేవాడు, నాలుగు రోజులు కాలిస్తే అవీ విరిగేవి. అసలుది ఒక్కటి దొరికితే బియ్యం బస్తా ఇస్తామని కాళ్ళావేళ్ళా పడేవారట సోల్జర్లు. అలాంటిది కొత్తది! ఎక్కడిది తాతా అని అడిగా. ఏడ్చాడు నోయ్. 'మొదట్నుంచీ నా దగ్గరే ఉంది బాబూ' అన్నాడు. ఇంకేం చెప్పలేదు."

"తుపాకీ నీ దగ్గర ఎందుకు వదల్లేదు?"

"పక్కన అది లేకపోతే నిద్ర పట్టదట. విరిగిన ముక్క తీసేసి తుపాకీ ఇచ్చేశా. ఈ కొత్తది కాస్త బిగువు, రెండు సార్లు ఆకురాయి రుద్ది సోమవారం నేనే తెచ్చి బిగిస్తానన్నా. పారేసుకుంటానేమోనని జేబులోనే పెట్టుకు తిరిగా."

"ఏడ్చాడట!" అన్నాడు అవెందాన్యో. "చచ్చినవాడి కన్నీళ్ళకి సాక్షి ఎవరో?"

నార్సిసో తూటా గుల్లని కిటికీ వెలుగులోకి పట్టుకెళ్ళి భూతద్దం పెట్టాడు. గుల్ల అడుగు అంచు చుట్టూ తిప్పి చూశాడు. మళ్ళీ తిప్పాడు. కొక్కెం పట్టి లాగితే ఇత్తడి మీద గోరు గీరినట్టు గాటు పడాలి. అంచు నున్నగా ఉంది. గుల్ల మూతిలో ఏదో సన్నటి పోగు ఇరుక్కుని ఉంది, పచ్చిగడ్డి ఎండిన రంగులో.

"నేను ఒక్కసారి ఆ ఇంటికి వెళ్ళి రావాలి సర్. గుల్ల నాతో తీసుకెళ్తాను."

"స్నేహితుణ్ణి కాపాడుకోవడానికా? నీ రివాల్వర్ స్ప్రింగు వేసిందెవరో నాకు తెలుసు ఇన్‌స్పెక్టర్."

"ఇతనే వేశాడు. మూడేళ్ళయింది, ఇంకా బాగానే ఉంది," అని నార్సిసో టోపీ పెట్టుకున్నాడు.

*

పాస్కువల్ సుంగాహిద్ ఇంటి ముందు టార్పాలిన్ కింద పేకాట సాగుతోంది. శవాన్ని ఒంటరిగా వదలకూడదు కాబట్టి ఊరి మగాళ్ళు వంతులవారీగా కూర్చుని, కాఫీ తాగుతూ, బిస్కట్లు నములుతూ డబ్బులు పోగొట్టుకుంటున్నారు.

"ఏం సిసో, మీ నాన్న ఇంకా రాలేదేం?" అని ముక్కలు పంచుతూ నార్సిసోని అడిగాడు చేపల టోన్యో. "పాస్కువల్‌ని చూడకుండా ఒక్కపూట ఉండేవాడు కాదే!"

"మోకాలు నొప్పట బాబాయ్."

"మోకాలా? శనివారం సంతలో నాతో బేరమాడి, కోపమొచ్చి వీధి చివరిదాకా నడిచాడు. చావుకి రావాల్సి వచ్చేసరికి మోకాలు గుర్తొచ్చిందా?"

మిగతావాళ్ళు నవ్వారు. నార్సిసో కూడా నవ్వినట్టు చేసి లోపలికి వెళ్ళాడు.

ముందుగదిలో శవపేటిక. దాని అద్దం మీద పసుపురంగు కోడిపిల్ల నూకలు ఏరుకుంటోంది. హత్యకి గురైనవాడి పెట్టె మీద కోడిపిల్లని వదలడం అక్కడి పద్ధతి. అది అద్దాన్ని పొడిచినప్పుడల్లా చంపినవాడి గుండెలో పోటు పొడుస్తుందని నమ్మకం. అద్దం కింద, ఊరంతా తాత అని పిలిచే పాస్కువల్, తెల్లటి బరోంగ్ చొక్కాలో, ఎవరికో సంజాయిషీ ఇవ్వబోయి ఆగిపోయినవాడిలా పడుకున్నాడు. చిన్నప్పుడు నార్సిసోని భుజాల మీద ఎక్కించుకుని సముద్రంలో దింపిన మనిషి. నార్సిసోకి ఏడుపొచ్చింది. యూనిఫాం గుర్తొచ్చి మింగేశాడు.

పెట్టె పక్కన కూర్చున్న అతని భార్య ఫెలిసా, నార్సిసోకి తియా, అంటే పిన్ని వరస. పెద్దవాళ్ళకి మొక్కే పద్ధతిలో ఆవిడ చెయ్యి నుదుటికి ఆనించుకున్నాడు. ఆవిడ అతని మొహంలోకి చూడలేదు.

"మళ్ళీ ఒక్కసారి చెప్పు తియా. తుపాకీ మోగినప్పుడు నువ్వెక్కడున్నావు?"

"ప్రార్థనకి వెళ్ళా నాయనా. వచ్చేసరికి అయిపోయింది."

"ఇల్లు ఏమైనా సర్దావా?"

"రక్తం కడిగా. మీవాళ్ళు కడుక్కోవచ్చన్నాకే." కోడిపిల్ల వైపు చూస్తూ, "అంతే," అంది.

వరండాలో వెదురు బెంచీ, దానికి ఎదురుగా తాత కూర్చున్న కుర్చీ. నార్సిసో బెంచీ ముందు మోకాళ్ళ మీద కూర్చుని, గుల్ల దొరికిన చోటు చూశాడు. బోల్టు విసిరితే గుల్ల కుడివైపు, గోడ దాకా పోవాలి. ఇది సరిగ్గా బెంచీ కింద, కూర్చున్నవాడి కాళ్ళ మధ్య పడింది. తల ఎత్తి బెంచీ చూశాడు. వెదురు బద్దల్లో చివరిది లేదు. మేకులు అలాగే ఉన్నాయి, చుట్టూ పీచు కొత్తగా తెల్లగా ఉంది. ఎవరో చేత్తో ఊడబెరికారు.

వంటింటి వెనక కట్టెలమోపులో దొరికింది ఆ బద్ద. ఎవరో బెంచీ ముక్క విరిగిందనుకుని పొయ్యిలోకి పెట్టడానికి పడేశారు. ఇంకా పెట్టలేదు, దేవుడి దయ. పుల్లంత సన్నగా, చేతి బారు పొడవుంది. ఒక కొస నల్లగా ఉంది. నార్సిసో వాసన చూశాడు. పొయ్యి మసి కాదు, తుపాకీ మందు. కొసని గుల్ల మూతిలో పెట్టి చూస్తే సరిపోయింది, లోపల ఇరుక్కున్న పోగు బద్దలోంచి ఊడిన చోటు కూడా కనిపించింది.

"ఏం దొరికింది, నిధా?" వెనక నుంచి అవెందాన్యో గొంతు. సెబు మనిషి ఆగలేక వెనకే వచ్చాడు.

"కాల్చినప్పుడు తుపాకీలో కొక్కెం లేదు సర్. చూడండి, అంచు మీద గాటు లేదు. బోల్టు తీశాక గుల్ల లోపలే ఉండిపోయింది. బెంచీలోంచి బద్ద పీకి, గొట్టం ముందువైపు నుంచి దూర్చి, పొడిచి బయటికి తోశారు."

అవెందాన్యో భూతద్దం లాక్కుని చాలాసేపు చూశాడు. ఒప్పుకోక తప్పలేదు కానీ ఓడిపోవడం అతనికి అలవాటు లేదు. "తోసింది లావాసే కావచ్చుగా?"

"కొక్కెం జేబులో పెట్టుకుని వెదురుబద్ద ఎందుకు పీకుతాడు? పైగా వాడి సంచిలో గొట్టం శుభ్రం చేసే ఇత్తడి కడ్డీ ఎప్పుడూ ఉంటుంది."

"సరే, ఇంకెవడో. మనిషిని చంపినవాడు పారిపోవాలి. నిలబడి గుల్ల పీకడమేమిటి? పిచ్చివాడా?"

"పిచ్చి కాదు సర్, అలవాటు. నలభై రెండులో ఈ కొండల్లో పోరాడినవాళ్ళందరి దగ్గరా ఈ తుపాకులే. కొక్కేలు విరిగిపోయాయి, మార్చడానికి లేవు. ప్రతివాడూ నడుముకి వెదురుపుల్ల కట్టుకుని తిరిగేవాడు. కాల్చు, పుల్లతో పొడు, గుల్ల తియ్యి, మళ్ళీ కాల్చు. గుల్ల లోపల వదిలేసినవాడు బతకలేదు. అది నేర్చుకున్న చేతులు ఎన్నాళ్ళయినా..."

నార్సిసో అక్కడ ఆగిపోయాడు. తను చెప్తున్నది తనకి ఎలా తెలుసో గుర్తొచ్చింది. పదేళ్ళప్పుడు ఇంటి మెట్ల మీద కూర్చోబెట్టుకుని, చీపురుకట్టనే తుపాకీగా పట్టుకుని ఆ చేతుల కదలిక చూపించిందెవరో గుర్తొచ్చింది.

"ఊఁ, చెప్పు," అన్నాడు అవెందాన్యో. "ఆ చేతులున్న ముసలాళ్ళు ఈ ఊళ్ళో ఎంతమంది మిగిలారు?"

జవాబు గుమ్మంలోంచి వచ్చింది. ఫెలిసా తియా ఎప్పుడొచ్చి నిలబడిందో తెలీదు.

"ఇద్దరు. ఒకడు ఆ పెట్టెలో ఉన్నాడు."

"రెండోవాడు?"

ఆవిడ పెట్టె వైపు తిరిగింది. రెండోవాడు మకారియో హినౌతాన్. నార్సిసో కన్నతండ్రి.

"నేను తీసుకొస్తాను సర్," అన్నాడు నార్సిసో. "అప్పటిదాకా లావాస్‌ని బండెక్కించకండి."

"వేళకి రాకపోతే ఎక్కిస్తా. నీ వెదురుబద్దని నమ్ముకుని నేను ఖాళీ చేతుల్తో సెబు వెళ్ళను."

గేటు దాకా ఫెలిసా తియా వెంట వచ్చింది. పేకాట దగ్గరివాళ్ళకి వినపడకుండా అతని చెయ్యి పట్టుకుంది. "ఆదివారం నేను వచ్చేసరికి బల్ల మీద రెండు టుబా కల్లు గ్లాసులున్నాయి సిసో. ఒకటి కడిగేశా. పాస్కువల్‌తో కల్లు తాగేవాడు ఇంకెవడున్నాడు చెప్పు? నీ మొహం చూసి ఎలా చెప్పను? పైగా..." పేకాటవాళ్ళ వైపు ఓసారి చూసింది. "శనివారం రాత్రి మా ఆయన నాకు అంతా చెప్పాడు. ఆ కొక్కెం సంగతి. మకారియోని రమ్మన్నాను, చెప్పేస్తాను అన్నాడు. చెప్పొద్దు, యాభై ఏళ్ళు మోశావు, ఇంకో నాలుగేళ్ళు మొయ్యలేవా అని కాళ్ళు పట్టుకున్నా. వినలేదు."

"తెబాన్‌ని తీసుకుపోతున్నారు తియా. ఊరుకున్నావా?"

"ఊరుకున్నా. నిన్న రాత్రంతా వాడి తల్లి నా పక్కనే కూర్చుని జపమాల తిప్పింది. అయినా ఊరుకున్నా. దేవుడు నన్ను క్షమించడు."

*

ఇల్లు నాలుగు వీధుల అవతలే. నార్సిసో నడుస్తుంటే అన్నీ ఒకదాని వెనక ఒకటి వచ్చి తమ తమ చోట్లలో పడుతున్నాయి. వద్దన్నా ఆగడం లేదు.

అతనికి పెట్టింది బాబాయి పేరు. నాన్న తమ్ముడు నార్సిసో, పందొమ్మిదేళ్ళవాడు, తగ్‌బావ్ వాగు ఒడ్డున చచ్చిపోయాడు. కొక్కెం విరిగిన తుపాకీ ఒళ్ళో పెట్టుకుని, పుల్లతో గుల్ల పొడుస్తుండగా జపాన్‌వాళ్ళ తూటా తగిలింది. పక్కనే అన్న మకారియో. ఇవతల పక్క పాస్కువల్. ఆ కథ ఇంట్లో ప్రతి ఏడాదీ చెప్పుకునేదే, ప్రతిసారీ ఒక్కచోటే ముగిసేది. "ఒక్క కొక్కెం ఉంటే బతికేవాడు," అని నాన్న అనేవాడు. పక్కన కూర్చున్న పాస్కువల్ తాత అప్పుడు కల్లు గ్లాసులోకి చూస్తూ ఉండేవాడు. అందరూ అది దుఃఖమనే అనుకున్నారు. దుఃఖమే. కానీ దాని కింద ఏముందో గ్రీజు గుడ్డలో చుట్టి ఉంది.

మకారియో మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. గడ్డం గీసుకున్నాడు. ఇస్త్రీ చొక్కా, కాళ్ళకి బూట్లు. పండక్కి కూడా చెప్పులతో చర్చికెళ్ళే మనిషి.

"బండి వెళ్ళిపోయిందా?" అని అడిగాడు.

"లేదు నాన్నా."

"బతికించావు. పొద్దుట్నుంచీ బయల్దేరదామనే చూస్తున్నా. రెండు మెట్లు దిగుతా, మళ్ళీ ఎక్కుతా. మోకాలు కాదురా. ధైర్యం చాలలేదు. లావాస్ కొడుకు తెబాన్ పేరు రేడియోలో విన్నానని పక్కింటాయన చెప్పాడు. అప్పుడు బూట్లు తొడుక్కున్నా."

నార్సిసో కింది మెట్టు మీద కూలబడ్డాడు. అడగాల్సినవి బోలెడున్నాయి. చేసేది పోలీసు ఉద్యోగం కాబట్టి అడగాలి కూడా. ఒక్కటీ నోట్లోంచి రాలేదు. ముసలాయనే చెప్పుకుంటూ పోయాడు.

"పాస్కువల్ కల్లు పోశాడు. తాగాక చెప్పాడు. లొంగిపోయిన అమెరికన్ సార్జంటు పెట్టెలో దొరికిందట ఆ కొక్కెం. మీ బాబాయి నార్సిసో తుపాకీది విరిగినప్పుడు పాస్కువల్ సంచిలోనే ఉందిరా! నేను ఊరంతా అడుక్కుంటున్నాను, వాడు నాతో కలిసి అడుక్కున్నాడు. ఎందుకివ్వలేదురా అన్నా. రేపు నాది విరిగితే నాకు కావాలి కదా అనుకున్నాను మకా, అన్నాడు. మరి విరిగిందా అన్నా." మకారియో కళ్ళు తుడుచుకోలేదు, నీళ్ళు చొక్కా మీద పడుతున్నాయి. "విరగలేదట సిసో. యుద్ధమంతా విరగలేదట. పోయిన వారం విరిగింది."

వీధిలో ట్రైసికిల్ ఏదో వెళ్ళింది.

"తూటా నువ్వు పెట్టావా నాన్నా?"

"వాడే పెట్టాడు. పెట్టి తుపాకీ నా చేతికిచ్చి, నీ తమ్ముడి బాకీ తీర్చుకో అన్నాడు. ఈ మాట సాక్ష్యంగా రాయకు. కింద పెట్టేసి ఇంటికి రావచ్చు, ఎవడాపాడు? నేను పెట్టలేదు. వాడు కళ్ళు మూసుకున్నాడు, నేను కాల్చాను. తర్వాత..." చేతులు రెండూ ముందుకు చాపి, వేరెవరివో అన్నట్టు చూసుకున్నాడు. "తర్వాత వాడి మొహం చూడాలి కదా మనిషన్నవాడు? చూడలేదురా. బోల్టు తీశాను, బెంచీ బద్ద పీకాను, పొడిచాను. గుల్ల కిందపడ్డాక గానీ వాడి మొహం చూడలేదు. ఇంకా ఎవరో వస్తారనుకున్నట్టున్నాయి ఈ చేతులు."

నార్సిసో తండ్రి ఒళ్ళో తల పెట్టి ఏడ్చాడు. నలభై అయిదేళ్ళ పోలీసువాడు, వీధి మెట్ల మీద పట్టపగలు. ముసలాయన అతని టోపీ తీసి పక్కన పెట్టి, జుట్టు సవరించి, మళ్ళీ టోపీ పెట్టాడు.

"లే. ఆ పిల్లాణ్ణి బండెక్కించేస్తారు. వాడి తల్లి ఏమైపోతుందో."

నార్సిసో లేచాడు. రోజూ మెట్లు దింపేటప్పుడు పట్టుకున్నట్టే తండ్రి చంకకింద చెయ్యి వేసి, రెండో చేత్తో నడుము పట్టుకున్నాడు.

మకారియో కదలలేదు. "అలా కాదు సిసో," అన్నాడు. "ఆ సెబు ఆఫీసరు చూస్తాడు. పోలీసు పట్టుకున్నట్టు పట్టుకో."

నార్సిసో చెయ్యి తీశాడు. మణికట్టు పట్టుకోబోయాడు. అది ఎలా పట్టుకోవాలో ఎంత ఆలోచించినా అతనికి తెలియలేదు.